సుబ్రత మిత్ర కెమెరా పనితనం: తరచుగా అడిగే ప్రశ్నలు

సత్యజిత్ రాయ్ తొలినాటి సినిమాలు చూసినవాళ్లు ముందుగా అనే మాట, "వెలుతురు ఎంత సహజంగా ఉందో!" అని. నిజానికి అందులో చాలా మటుకు స్టూడియో నాలుగు గోడల మధ్య గుడ్డలు కట్టి, బల్బులు పేర్చి తయారుచేసిన వెలుతురు. తయారుచేసినవారు సుబ్రత మిత్ర. ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నవాళ్లూ, పాత సినిమాల మీద ఇష్టం ఉన్నవాళ్లూ ఆయన గురించి తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. కొన్నిటికి ఒక్క ముక్క చాలు. కొన్నిటికి చాలదు.

సుబ్రత మిత్ర ఎవరు?

1930 అక్టోబర్ 12న కలకత్తాలో పుట్టి, 2001 డిసెంబర్ 7న కన్నుమూసిన బెంగాలీ ఛాయాగ్రాహకుడు. రాయ్‌తో పది సినిమాలు చేశారు: 'పథేర్ పాంచాలీ', 'అపరాజితో', 'పరశ్ పాథర్', 'జల్సాఘర్', 'అపుర్ సంసార్', 'దేవి', 'కాంచన్‌జంఘా', 'మహానగర్', 'చారులత', 'నాయక్'. మొదటిది 1955లో, చివరిది 1966లో విడుదలయ్యాయి. అంటే ఆయన పేరు నిలబెట్టిన పని దాదాపు పదకొండేళ్లలో అయిపోయింది. అప్పటికి ఆయనకు నలభై కూడా రాలేదు.

సినిమాటోగ్రఫీ ఎక్కడ చదువుకున్నారు?

ఎక్కడా లేదు. పుణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైందే 1960లో. అప్పటికి ఆయన అపు అనే కుర్రాడి కథ మూడు భాగాలూ ('పథేర్ పాంచాలీ', 'అపరాజితో', 'అపుర్ సంసార్') తీసి పక్కన పెట్టేశారు.

చదువుకునే రోజుల్లో స్నేహితులతో సైకిలేసుకుని ఇంగ్లిష్ సినిమాలకు వెళ్లేవారు. అందరూ హీరోను చూస్తుంటే ఈయన చూపు దీపాల మీద ఉండేది. గై గ్రీన్ కెమెరా పట్టిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్', రాబర్ట్ క్రాస్కర్ తీసిన 'ది థర్డ్ మ్యాన్' ఆయన మీద బాగా పనిచేశాయి. కాలేజీకి వచ్చేసరికి ఆర్కిటెక్ట్ అవ్వాలా, కెమెరామన్ అవ్వాలా అన్న ఊగిసలాట. అసిస్టెంట్‌గా చేరదామని తిరిగితే ఎవరూ చేర్చుకోలేదు. చేసేది లేక సైన్సు డిగ్రీ కొనసాగించారు.

'ది రివర్' షూటింగ్‌లో ఆయన చేసిన పనేమిటి?

అధికారికంగా ఏ పనీ లేదు. ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ 1950 ప్రాంతంలో కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున 'ది రివర్' తీస్తున్నారు. టెక్నికలర్ పద్ధతిలో తీసిన రంగుల సినిమా. కెమెరా ఆయన అన్న కొడుకు క్లాడ్ రెన్వార్‌ది. మిత్ర అక్కడా పని అడిగారు, దొరకలేదు. తండ్రి పూనుకోవడంతో చివరికి సెట్‌లో నిలబడి చూడ్డానికి అనుమతి వచ్చింది.

ఆ చూడ్డం ఎలాంటిదో చెప్పాలి. ఏ లైటు ఎక్కడ పెట్టారు, నటులు ఎటు నుంచి ఎటు నడిచారు, కెమెరా ఎక్కడ ఆగింది, ఇవన్నీ బొమ్మలు గీసి నోటు పుస్తకాల్లో రాసుకునేవారు. స్టిల్ ఫొటోలూ తీసేవారు. సినిమాలో ఒకే సన్నివేశాన్ని ముక్కలు ముక్కలుగా, ఒక్కోసారి రోజుల తేడాతో తీస్తారు. నిన్న కిటికీ లోంచి వెలుతురు కుడి చెంప మీద పడి, ఇవాళ ఎడమ చెంప మీద పడితే అతుకు తెలిసిపోతుంది. అలాంటి లెక్క సరిచూసుకోవడానికి క్లాడ్ రెన్వార్ ఈ కుర్రాడి నోటు పుస్తకం అడిగి తీసుకున్న సందర్భం ఉంది. చూడ్డానికి వచ్చినవాడి రాతలు యూనిట్‌కే అక్కరకొచ్చాయన్న మాట.

అప్పట్లో రాయ్ ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో ఆర్టిస్టు. సెలవు దొరికినప్పుడే షూటింగ్ చూడ్డానికి వచ్చేవారు. మిగతా రోజుల్లో ఏం జరిగిందో మిత్ర ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పేవారు. ఇద్దరి పరిచయం అలా మొదలైంది. కళా దర్శకుడు బన్సీ చంద్రగుప్త కూడా ఆ యూనిట్‌లోనే ఉన్నారు. తర్వాత పదేళ్లకు పైగా బెంగాలీ సినిమా రూపం మార్చిన ముగ్గురూ కలిసింది వేరే దేశం దర్శకుడి సెట్‌లో.

మూవీ కెమెరా నడపని మనిషికి 'పథేర్ పాంచాలీ' ఎలా అప్పగించారు?

అప్పగించిన దర్శకుడు కూడా అంతకు ముందు సినిమా తీయలేదు కదా! స్టిల్ కెమెరా తెలిసినవాడికి మూవీ కెమెరా బ్రహ్మవిద్య కాదని రాయ్ నమ్మకం. లెన్సూ ఎక్స్‌పోజరూ (ఫిల్మ్ మీద పడే వెలుతురు మోతాదు) రెంటికీ ఒకటే. మిత్ర మొదట జంకారు, తర్వాత ఒప్పుకున్నారు.

1952 అక్టోబర్ 27న తొలి షాట్. మిత్రకు 22 ఏళ్లు నిండి పదిహేను రోజులు. తెల్లటి రెల్లు పూల మధ్య అపు, అతని అక్క దుర్గ రైలు చూడ్డానికి వెళ్లే సన్నివేశం. మిగిలిన భాగం తీద్దామని మళ్లీ వెళ్లేసరికి పశువులు ఆ పూలన్నీ మేసేశాయి. మళ్లీ రెల్లు పూసే కాలం దాకా ఆగాల్సి వచ్చింది.

డబ్బులు అయిపోయినప్పుడల్లా షూటింగ్ ఆగేది. రాయ్ గ్రామఫోను రికార్డులు అమ్మారు, భార్య నగలు తాకట్టు పెట్టారు. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం పెట్టుబడి పెడితే పూర్తయింది. ఈ కథ అందరికీ తెలుసు. అంతగా మాట్లాడుకోనిది ఏమిటంటే, ఇన్ని నెలల ఖాళీలతో తీసిన సినిమాలో వెలుతురు ఎక్కడా తెగినట్టు కనిపించదు. పగటి దృశ్యాలు ఎక్కువగా బొరాల్ అనే ఊళ్లో పాత ఇంట్లో తీశారు, రాత్రి దృశ్యాలు స్టూడియోలో. ఇంటి అరుగు మీద ముసలి ఇందిర్ కూర్చున్న పగలూ, దీపం పక్కన ఆమె పిల్లలకు కథ చెప్పే రాత్రీ ఒకే ఇంట్లోవే అనిపిస్తాయి. నోటు పుస్తకాల అలవాటు ఇక్కడ పనికొచ్చి ఉంటుందని నా ఊహ.

'పథేర్ పాంచాలీ'లో సితార్ ఆయనే వాయించారా?

కొంత భాగం, అవును. సంగీతం రవిశంకర్‌ది. కచేరీల ఒత్తిడిలో ఆయనకు దొరికిన సమయం చాలా తక్కువ. మిగిలిపోయిన చోట్ల సితార్ మిత్ర వాయించారు.

బౌన్స్ లైటింగ్ అంటే ఏమిటి? దాన్ని ఎందుకు మొదలుపెట్టారు?

ఆయన పేరు ఎక్కడ వినిపించినా వెంట వచ్చే ప్రశ్న ఇదే కాబట్టి కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

1956 నాటి 'అపరాజితో'లో అపు కుటుంబం కాశీలో ఒక పాత ఇంట్లో అద్దెకుంటుంది. అక్కడి ఇళ్లు మీకు తెలుసు: మధ్యలో వాకిలి, చుట్టూ గదులు, పైన ఆకాశం. ఎత్తైన గోడలు కాబట్టి ఎండ నేరుగా కిందికి దిగదు. వచ్చేది ఆకాశపు వెలుతురు మాత్రమే. అందులో నీడలు గట్టిగా ఉండవు. మనిషి పక్కన నేల మీద నల్లటి ఆకారం పడదు, ముక్కు కింద గీత ఉండదు. వాకిట్లోంచి గదిలోకి నడిచేకొద్దీ ముఖం కొద్దికొద్దిగా మసకబారుతుంది, అంతే.

ఆ ఇంటిని కలకత్తాలో సెట్ వేయాలి. ఆరుబయట వేద్దామంటే వానల భయం. అందుకని స్టూడియో లోపలే వేద్దామన్నారు. మిత్ర ఒప్పుకోలేదు. ఆకాశపు వెలుతురును స్టూడియో లైట్లతో తీసుకురావడం కుదరదని గట్టిగా వాదించారు. ఆయన వాదన న్యాయమైనదే. అప్పటి పద్ధతిలో ఒక లైటు ముఖం మీద సూటిగా, ఇంకోటి నీడ తగ్గించడానికి, మరోటి వెనక నుంచి జుట్టు మెరవడానికి. ఒక్కో లైటుకు ఒక్కో నీడ. ఆ కాలం సినిమాల్లో గోడ పక్కన నిలబడ్డ మనిషికి రెండు మూడు నీడలు కనిపించేది అందుకే. కాశీ వాకిట్లో అలాంటి నీడ ఒక్కటి కనిపించినా మోసం బయటపడిపోతుంది.

వాదనలో ఓడిపోయారు, సెట్ లోపలే వేశారు. అప్పుడు ఆయన చేసిన పని ఇది. వాకిలికి పైన, ఆకాశం ఉండాల్సిన చోట, అంత మేరా తెల్లటి గుడ్డ బిగించి కట్టించారు. లైట్లను నటుల మీదికి కాకుండా కింద నుంచి ఆ గుడ్డ మీదికి తిప్పారు. వెలుతురు గుడ్డకు తగిలి, చెదిరి, మెత్తబడి కిందికి దిగింది. సెట్‌లోకి వచ్చే వెలుతురంతా ఒకే పెద్ద చోటు నుంచి వస్తోంది కాబట్టి విడివిడి నీడలు పోయాయి. సినిమా చూసినవాళ్లు ఆ ఇల్లు కాశీలోదే అనుకున్నారు. ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు.

ఇది వినడానికి తేలికే. ఖర్చు వేరే చోట పడుతుంది. గుడ్డకు తగిలి వచ్చేసరికి వెలుతురు చాలా భాగం పోతుంది. అప్పటి ఫిల్మ్‌కు బోలెడంత వెలుతురు కావాలి. లైట్లు పెంచాలి, లెన్సు బాగా తెరవాలి. లెన్సు తెరిస్తే ఫోకస్ లోతు తగ్గిపోతుంది, నటుడు అడుగు ముందుకు వేస్తే మసకబారుతాడు. తెలిసిన ఇబ్బందులన్నీ నెత్తికెత్తుకుని చేసిన పని.

బౌన్స్ లైటింగ్‌ను ప్రపంచంలో మొదట కనిపెట్టింది ఆయనేనా?

'మొదట' అన్న మాట దగ్గర జాగ్రత్త అవసరం. ఫ్లాష్‌ను గది పైకప్పుకు కొట్టి ముఖం మీద మెత్తటి వెలుతురు తెచ్చుకోవడం స్టిల్ ఫొటోగ్రాఫర్లకు తెలిసిన విద్యే. మిత్ర, రాయ్ ఇద్దరూ ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్తియే బ్రెసాన్ ఫొటోలకు అభిమానులు. ఉన్న వెలుతురులోనే తీసినట్టుండే ఆ తీరు సినిమాలోకి రావాలని వాళ్ల కోరిక.

స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ 'త్రూ ఎ గ్లాస్ డార్క్లీ' 1961లో వచ్చింది. దానికి కెమెరా పట్టిన స్వెన్ నిక్విస్ట్ ఈ తరహా వెలుతురు గురించి ఒక అమెరికన్ సినిమాటోగ్రఫీ పత్రికలో చెప్పుకున్నప్పుడు, మేం దీన్ని అంతకు ఏళ్ల ముందు నుంచే వాడుతున్నామని రాయ్ ఆ తర్వాత గుర్తుచేశారు. తేదీలు చూస్తే రాయ్ మాటే నిజం. కానీ ఎవరు ముందు అన్న పందెం కన్నా నాకు ముఖ్యంగా తోచేది వేరు. ఆ రోజుల్లో పరిశ్రమ మొత్తం ముఖం అందంగా కనపడ్డానికి లైటు పెట్టేది. ఈయన ముందు ఆ గదికి వెలుతురు ఎటు నుంచి వస్తుందో తేల్చుకుని, దానికి ముఖాన్ని అప్పగించారు. గుడ్డ కట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ నిర్ణయం తీసుకోవడానికి తెగువ కావాలి.

'జల్సాఘర్', 'దేవి' లాంటి వాటిలో నల్లటి నీడలున్నాయి కదా. అది ఆయన పద్ధతికి విరుద్ధం కాదా?

కాదు. మెత్తటి వెలుతురు ఆయనకు మతం కాదు. వెలుతురుకు కారణం ఉండాలన్నదే పట్టుదల. 1958 నాటి 'జల్సాఘర్'లో ఆరిపోతున్న జమీందారు వైభవం ఒక షాండ్లియర్ కింద కథగా నడుస్తుంది. భవనం ముర్షిదాబాద్ జిల్లా నిమ్‌తితాలో నిజంగా ఉన్నదే. కచేరీ జరిగే గది మాత్రం స్టూడియోలో బన్సీ చంద్రగుప్త వేసిన సెట్. అక్కడ వెలుతురు కొవ్వొత్తులది, షాండ్లియర్‌ది. చీకటి కూడా ఆ దీపాలకు తగ్గట్టే ఉండాలి.

'అపుర్ సంసార్'లో ఒక చిన్న షాట్ చూడండి. పెళ్లయి కొత్తగా వచ్చిన అపు భార్య అపర్ణ ఆ పేదింటి గదిలో కిటికీ దగ్గర ఏడుస్తూ, చిరిగిన తెర కంతలోంచి బయటికి చూస్తుంది. కంత అవతల పగలు, ఇవతల గది. ఆమె కన్ను ఒక్కటే వెలుతురులో ఉంటుంది. డైలాగ్ లేదు. ఆ గదీ సెట్టే.

'చారులత'ను ఆయన గొప్ప పని అంటారు. ఎందుకు?

1964లో వచ్చిన ఈ సినిమా దాదాపు అంతా ఒక ధనికుల ఇంటి లోపలే నడుస్తుంది. ఆ ఇల్లు స్టూడియో సెట్. పగలు ఎండ, మధ్యాహ్నపు మగత, గాలివాన ముందు చీకటి, దీపాలు పెట్టే వేళ, అన్నీ ఆ గదుల్లోనే చూపించాలి.

ఇందుకోసం చెక్క పెట్టెలు చేయించి, వాటిలో మామూలు ఇంటి బల్బులు వరసగా బిగించి, ముందు పల్చటి కాగితం అడ్డం పెట్టారు. ఇవాళ షూటింగుల్లో వాడే సాఫ్ట్ బాక్సుకు ఇది దగ్గరి చుట్టం. గుడ్డ ఒకచోట కట్టేస్తే అక్కడే ఉంటుంది. పెట్టెను కిటికీ పక్కకు జరపొచ్చు, మంచం పైకి ఎత్తొచ్చు.

మొదటి పది నిమిషాలు చాలు. ఆ ఇంటి ఇల్లాలు చారు చేతిలో చిన్న దుర్భిణీతో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పరిగెడుతూ వీధిలో వెళ్లేవాళ్లను చూస్తుంది. ఆమె ప్రతి కిటికీ దగ్గర వెలుగులోకి వచ్చి, మధ్యలో మసకలోకి వెళ్తుంది. ఆ ఇంట్లో ఆమెకు ఊసుపోవడం లేదని ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఉయ్యాల షాట్ ఇంకోటి. చారుగా నటించిన మాధవి ముఖర్జీ తోటలో ఊగుతుంటే కెమెరా కూడా ఉయ్యాలతో పాటే ఊగుతుంది. ముఖం ఫ్రేములో నిలకడగా ఉంటుంది, వెనక లోకం కదులుతుంది.

రంగుల సినిమాలు తీశారా?

తీశారు. రాయ్ తొలి రంగుల సినిమా 'కాంచన్‌జంఘా', 1962, ఈస్ట్‌మన్ కలర్‌లో. డార్జిలింగ్‌లో ఒక సాయంత్రం, ఒక కుటుంబం, సినిమా నిడివికి దాదాపు సమానమైన కాలం. కొండల మీద ఎండ కాసేపు ఉంటే మంచు కాసేపు ఉంటుంది. యూనిట్ దానితో పోట్లాడలేదు. మంచు దిగితే మంచులో ఉండాల్సిన పాత్రల దృశ్యాలు, ఎండ వస్తే ఎండలో ఉండాల్సినవి తీశారు. సెట్‌లో ఆకాశాన్నే కట్టినవారు ఇక్కడ ఆకాశం చెప్పినట్టు నడుచుకున్నారు.

మధ్యలో కొన్ని రాయ్ సినిమాలకు ఆయన పేరు లేదెందుకు?

కంటి జబ్బు వల్ల. 1961లో వచ్చిన 'తీన్ కన్యా' సమయానికి ఆయన పని చేయలేని స్థితి. ఆయన దగ్గర అసిస్టెంట్‌గా ఉన్న సౌమేందు రాయ్ ఆ బాధ్యత తీసుకున్నారు. 'అభిజాన్' కూడా సౌమేందుదే. తర్వాత రాయ్‌కి శాశ్వత ఛాయాగ్రాహకుడు అయింది ఆయనే. కెమెరామన్‌కు కంటి జబ్బు అంటే ఎంత టెన్షనో వేరే చెప్పాలా? మిత్ర తిరిగొచ్చి 'మహానగర్', 'చారులత', 'నాయక్' తీశారు.

రాయ్‌తో ఎందుకు విడిపోయారు?

ఎక్కువగా చెప్పే కారణం, 'చారులత' కాలం నుంచి రాయ్ కెమెరాను తానే ఆపరేట్ చేయడం మొదలుపెట్టారని. లెన్సులోంచి చూస్తేనే షాట్ ఎలా వస్తుందో తనకు తెలుస్తుందని రాయ్ అభిప్రాయం. దర్శకుడి వైపు నుంచి అది సబబే. కానీ ఫ్రేము ఒకరి చేతిలో, లైటింగ్ ఇంకొకరి చేతిలో ఉంటే లైటింగ్ చేసేవారికి సగం పని పోయినట్టే. మిత్ర స్వభావానికి అది సరిపడదు. ఇద్దరిలో ఎవరిది తప్పు అని తేల్చేంత విషయం ఇందులో నాకు కనిపించదు.

చివరి సినిమా 'నాయక్' దాదాపు మొత్తం రైలు బోగీలో జరుగుతుంది. ఆ బోగీలు బన్సీ చంద్రగుప్త స్టూడియోలో కట్టినవి. కదలని రైలును కదిలించాల్సింది కిటికీల మీద పడే వెలుతురే. తెలియకుండా చూసినవాళ్లు అది సెట్ అంటే నమ్మరు.

రాయ్ కాకుండా ఇంకెవరితో పని చేశారు?

ఇస్మాయిల్ మర్చంట్, జేమ్స్ ఐవరీ జంట తొలి సినిమాల కెమెరా ఈయనదే: 'ది హౌస్‌హోల్డర్' 1963, 'షేక్స్‌పియర్ వాలా' 1965, 'ది గురు' 1969, 'బాంబే టాకీ' 1970. 'బాంబే టాకీ' మొదట్లో ఓ భారీ టైపురైటర్ మీద డాన్సర్లు చిందులేస్తారు. కాశీ వాకిలి తీసిన మనిషే ఇదీ తీశారంటే నవ్వొస్తుంది.

హిందీలో బాసు భట్టాచార్య దర్శకత్వంలో 'తీస్రీ కసమ్', 1966. ఫణీశ్వర్‌నాథ్ రేణు కథ. రాజ్ కపూర్ ఎడ్లబండి తోలేవాడు, వహీదా రెహమాన్ నౌటంకీ అనే ఉత్తరాది జానపద నాటకం ఆడే మనిషి. అంత పెద్ద తారలను దుమ్ము రోడ్డు మీద, గ్లామర్ లైటు లేకుండా చూపించారు. గీత రచయిత శైలేంద్ర నిర్మించిన ఆ సినిమా డబ్బులు తేలేదు. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణ పతకం మాత్రం వచ్చింది.

చాలామందికి తెలియనిది హాంకాంగ్ సినిమా 'ది ఆర్చ్'. టాంగ్ షూ ష్వెన్ అనే మహిళా దర్శకురాలు 1968లో తీసిన నలుపు తెలుపు చిత్రం. 'పథేర్ పాంచాలీ' కెమెరామన్ చైనా వితంతువు కథకు కెమెరా పట్టడం అప్పటికి చిన్న విషయం కాదు.

అంత పేరున్నా అన్ని తక్కువ సినిమాలెందుకు?

నెమ్మదిగా పనిచేస్తారని, రాజీ పడరని పేరుండేది. రోజు లెక్కన స్టూడియో అద్దె కట్టే నిర్మాతకు ఆ రెండూ భయపెట్టే గుణాలే. నచ్చని వెలుతురులో షాట్ తీయడం కన్నా తీయకపోవడమే నయం అనుకునే మనిషి ఏడాదికి నాలుగు సినిమాలు ఒప్పుకోలేరు. 1970 తర్వాత ఆయన పని బాగా పలచబడింది. 'న్యూఢిల్లీ టైమ్స్' రావడానికి ఎనభైల మధ్య దాకా పట్టింది. రమేష్ శర్మ దర్శకత్వంలో శశి కపూర్ పత్రికా సంపాదకుడిగా నటించిన ఆ సినిమాలో ఢిల్లీ ఆఫీసులూ రాత్రి రోడ్లూ ఆయన కన్ను మొద్దుబారలేదని చూపించాయి.

ఏ అవార్డులొచ్చాయి?

'న్యూఢిల్లీ టైమ్స్'కి 33వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ ఛాయాగ్రహణం. 1986లో పద్మశ్రీ. 1992లో కొడక్ వారి జీవిత సాఫల్య పురస్కారం. జాతీయ సినిమాటోగ్రఫీ అవార్డు 'అపరాజితో'కో 'చారులత'కో కాకుండా ముప్పై ఏళ్ల తర్వాతి సినిమాకి రావడం విడ్డూరమే. 'పథేర్ పాంచాలీ' కాలంలో అసలు ఆ విభాగమే లేదు లెండి.

తెలుగులో ఏమైనా చేశారా?

లేదు. అయితే తెలుగువాళ్లకు ఒక పోలిక దగ్గర్లోనే ఉంది. 'అపరాజితో' విడుదలైన ఐదారు నెలలకు, 1957 మార్చిలో, కె.వి. రెడ్డి 'మాయాబజార్' వచ్చింది. కెమెరా మార్కస్ బార్ట్లీ. ఆయన కూడా వెలుతురును కట్టినవారే. 'లాహిరి లాహిరి'లో వెన్నెల బార్ట్లీ వెన్నెల అని ఇప్పటికీ చెప్పుకుంటాం. బార్ట్లీ ఎవరూ చూడని లోకానికి వెలుతురు పెట్టారు, మిత్ర రోజూ చూసే వాకిలికి పెట్టారు. రెండోదానిలో తప్పు పట్టుకోవడం ప్రేక్షకుడికి చాలా సులువు, ఎందుకంటే అసలుది ఎలా ఉంటుందో అతనికి తెలుసు. బార్ట్లీని తక్కువ చేయడానికి కాదు ఇది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరి వెళ్లే షాట్ మిత్రను తీయమంటే ఏం చేసేవారో!

పాఠాలు చెప్పారా?

చెప్పారు. కలకత్తాలోని సత్యజిత్ రాయ్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో 1997 నుంచి చివరిదాకా సినిమాటోగ్రఫీ ప్రొఫెసర్‌గా ఉన్నారు. ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చదవని మనిషి ఇన్‌స్టిట్యూట్ పిల్లలకు గురువయ్యారు.

ఇప్పుడు మనం చూసే కాపీలు ఆయన తీసినట్టే ఉన్నాయా?

అపు మూడు సినిమాల విషయంలో ఇది పెద్ద కథ. 1993లో లండన్‌లో ఒక ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో వాటి ఒరిజినల్ నెగెటివ్‌లు కాలిపోయాయి. మిగిలిన పెళుసు ముక్కలను పారేయకుండా అమెరికాలోని అకాడమీ ఆర్కైవ్ దాచింది. ఇరవై ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యాలో ఒక ల్యాబ్ ఆ ముక్కలకు తేమ పట్టించి, మెత్తబరిచి, చేత్తో అతికి స్కాన్ చేసింది. మొదటి రెండు సినిమాల్లో చెప్పుకోదగ్గ భాగం ఆ కాలిన నెగెటివ్ నుంచే వచ్చింది. 'అపుర్ సంసార్' నెగెటివ్ పనికిరాకుండా పోయింది, దాన్ని వేరే మంచి కాపీల నుంచి చేశారు. 2015లో వచ్చిన 4కె ప్రతులు ఇవే.

దూరదర్శన్‌లో గీతలు పడిన ప్రింటు చూసి "ఏముంది ఇందులో" అనుకున్నవాళ్లు ఈ ప్రతి చూడాలి. పాత ప్రింట్లలో ముందుగా పోయేది మధ్య బూడిద ఛాయలు. ఆయన పనంతా ఉన్నది ఆ ఛాయల్లోనే.

ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లు ఏ సినిమాతో మొదలుపెట్టాలి? ఎలా చూడాలి?

'అపరాజితో'లో కాశీ ఇంటి భాగంతో మొదలుపెట్టండి. మొదటిసారి కథ కోసం మామూలుగా చూసేయండి. రెండోసారి శబ్దం తీసేసి, ప్రతి షాట్‌లో గోడ మీద నీడ ఎటు పడిందో, గడ్డం కింద ఎంత చీకటి ఉందో, కంటిపాపలో మెరుపు ఎక్కడుందో మాత్రమే చూడండి. కంటి మెరుపు అబద్ధం చెప్పదు. లైటు చిన్నదైతే చుక్కలా ఉంటుంది, పెద్ద గుడ్డ అయితే వెడల్పుగా పరుచుకుంటుంది.

తర్వాత 'చారులత', ఆపైన 'నాయక్'. 'నాయక్'లో కిటికీ పక్క సీట్లో ఉన్నవాళ్లకూ నడవ వైపున్నవాళ్లకూ ముఖం మీద తేడా గమనించండి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం రైల్లో పక్కనున్నవాళ్లను ఫోన్‌తో ఒక ఫొటో తీసి పోల్చుకుంటే ఇంకా మంచిది. టీవీలో చూసేటట్టయితే పిక్చర్ సెట్టింగుల్లో కాంట్రాస్ట్ తగ్గించి, మోషన్ స్మూతింగ్ (కదలికలను నున్నగా చేసే సెట్టింగు) ఆపేయండి. ఫోన్ తెర మీద మాత్రం 'జల్సాఘర్' చూడొద్దు, సగం సినిమా చీకట్లో కలిసిపోతుంది.